లెక్కలోకి రాని గోల్

స్కెల్బరీ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టి నూరేళ్ళు ఎప్పుడో దాటింది. ఇన్నేళ్ళలో ఆ నీలం చొక్కా తొడుక్కుని ఆడినవాళ్ళు వందల మంది. తొడుక్కుని కూడా ఆడటం చేతకానివాళ్ళు అంతకంటే ఎక్కువ, అది వేరే సంగతి. కానీ ఆడి కూడా ఆడనివాడు మాత్రం ఒక్కడే ఉన్నాడు. మా వీధి చివరింట్లో ఉంటాడు. పేరు క్లిఫర్డ్ షాక్రాస్. ఊరందరికీ పొగమంచు క్లిఫర్డ్.

నా పేరు గ్లెనిస్. కిల్న్ లేన్ మైదానంలో కాలువ వైపు గోల్ వెనకాల ఉన్న టీ కొట్టు నాది. మా అమ్మ తర్వాత నేనే నడుపుతున్నాను. నా నోరు పెద్దదని ఊళ్ళో అందరూ అంటారు. అననివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు ఇంకా నా కొట్టుకి రాలేదన్నమాట. నోటికంటే పెద్ద జబ్బు ఇంకొకటి ఉంది నాకు. ఏ సంగతైనా సగం తెలిసి సగం తెలియకపోతే తిన్నది ఒంటబట్టదు. పక్కింటివాళ్ళ కుక్క ఎందుకు కుంటుతోందో తెలుసుకునేదాకా వాళ్ళ గుమ్మం చుట్టూ తిరిగిన మనిషిని.

ఆ ఏడాదితో మేము కిల్న్ లేన్ ఖాళీ చెయ్యాలి. ఊరి బయట పెద్ద రోడ్డు పక్కన కొత్త మైదానం కట్టారు. పాతదాన్ని పడగొట్టి ఇళ్ళు కడతారట. ఆఖరి ఆట ఆర్డెన్‌షా వాళ్ళతో పడింది. మా ఛైర్మన్ బ్రామ్‌వెల్ గారికి ఒక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే, ఆయనకి వచ్చిందంటే నేనే నమ్మలేదు. బతికున్న పాత ఆటగాళ్ళందరినీ పిలిచి, ఒక్కొక్కరి పేరూ మైకులో చదువుతూ మైదానంలోకి నడిపించి, చుట్టూ ఒక రౌండు తిప్పుదామని. క్లబ్బు తరఫున ఒక్క ఆట ఆడినవాడైనా సరే రావచ్చు. వాళ్ళందరికీ ఫోన్లు చేసి, ఎవరి మోకాళ్ళు పనిచేస్తున్నాయో ఎవరివి చెయ్యట్లేదో కనుక్కునే పని నాకు అప్పజెప్పారు. టీలు కూడా నేనే పొయ్యాలి, అది చెప్పక్కర్లేదు.

ఆ సంగతి పేపర్లో వచ్చిన రోజు పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీసి చూస్తే క్లిఫర్డ్. ఎనభై దాటిన మనిషి, గడ్డం నున్నగా గీసుకుని, మెడకి టై కట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరైనా పోయారా?" అన్నాను. మా వీధిలో టై కట్టేది అందుకే.

"లేదమ్మాయ్. నేనూ నడుస్తానని చెప్పడానికి వచ్చాను."

"ఎక్కడికి?"

"మైదానంలోకి. పేపర్లో వేశారుగా, ఒక్క ఆట ఆడినా చాలని. నేను ఆడింది ఒక్కటే."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఊళ్ళో ఎవరికి తెలియదు ఆ ఆట! మిల్లుల గొట్టాలన్నీ పొగ కక్కే రోజుల్లో, ఒక నవంబరు శనివారం, ఆర్డెన్‌షా మీద ఆట మొదలయ్యాక పొగమంచు దిగింది. ఎప్పుడూ ఎడమ వైపు ఆడే ఆటగాడికి పొద్దున జ్వరం తగిలితే, పందొమ్మిదేళ్ళ క్లిఫర్డ్‌ని మిల్లులో షిఫ్టు మధ్యలోంచి లాక్కొచ్చి దింపారు. రెండో సగంలో మా వాళ్ళ గోల్ ఒకటి పడింది. ఆ తర్వాత కాసేపటికే రిఫరీ తన చెయ్యి తనకే కనపడటం లేదని ఆట ఆపేశాడు. ఆ ఆటని తర్వాతి వారం మళ్ళీ మొదటి నుంచీ ఆడారు. జ్వరం వచ్చినవాడు లేచి వచ్చాడు. క్లిఫర్డ్ మిల్లుకి వెళ్ళిపోయాడు. మళ్ళీ అతన్ని ఎవరూ పిలవలేదు.

అప్పటినుంచీ ఆ గోల్ తనదే అంటాడు. ఊరు నవ్వుతుంది. పబ్బు కిటికీ అద్దం మీద ఆవిరి పడితే చాలు, "రావయ్యా క్లిఫర్డ్, నీ వాతావరణం వచ్చింది, ఒకటి కొట్టు!" అని ఎవడో ఒకడు కేకేస్తాడు. అతను గ్లాసులోకి చూస్తూ కూర్చుంటాడు.

"ఆ రోజు మైకులో నా పేరు చదవలేదు," అన్నాడు గుమ్మంలో నిలబడి. "జ్వరంతో పడుకున్నవాడి పేరే చదివారు. మార్చడానికి టైం లేకపోయింది. మా ఎడ్నా అవతలి వైపు, జనం నిలబడే గట్టు మీద ఉంది. అప్పటికి మాకు పెళ్ళి కాలేదు. నేను ఆడుతున్నానని దానికి నేను చెప్పబట్టి తెలుసుగానీ, చూసిందేమీ లేదు. ఒక్కసారి నా పేరు ఆ మైదానంలో వినపడాలమ్మాయ్. ఆ తర్వాత వాళ్ళు దాన్ని దున్నేసుకున్నా నాకు బాధ లేదు."

నాకు నవ్వు పోయింది. "కనుక్కుంటాను," అన్నాను.

బ్రామ్‌వెల్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నాకంటే చిన్నవాడే, కానీ పుట్టడమే కోటు వేసుకుని పుట్టినట్టుంటాడు. సంగతి వినగానే తల అడ్డంగా ఊపాడు.

"కుదరదు గ్లెనిస్ గారూ. మధ్యలో ఆగిపోయిన ఆట ఆట కాదు. అందులో కొట్టిన గోల్ కొట్టనట్టే. ఆడినవాడు ఆడనట్టే. ఇది నేను పెట్టిన రూలు కాదు, దేశమంతా ఇంతే."

"మరి ఆ రోజు తడిసినవాళ్ళు తడవనట్టేనా?"

"తడిస్తే తడిశారు. ఆడలేదు. క్లిఫర్డ్‌ని రానిస్తే రేపు ప్రాక్టీసులో బంతులు అందించినవాళ్ళు కూడా వస్తారు. పైగా ఆయన గోల్ కొట్టానంటాడు. ఆ గోల్ అప్పటి మన మేటి ఆటగాడు లోమాక్స్‌ది, చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు."

"మీకెలా తెలుసు?"

"మా నాన్న కళ్ళారా చూశాడు."

"మా నాన్న కూడా," అన్నాను, నా ప్రమేయం లేకుండానే. నిజమే మరి. లోమాక్స్ ఎగిరి తలతో కొట్టాడని మా నాన్న అన్నం తినేటప్పుడల్లా చేత్తో అభినయించి చూపించేవాడు. గ్లాసులు పడిపోతే అమ్మ తిట్టేది.

ఇంటికి నడుస్తుంటే దారి మధ్యలో ఆగిపోయాను. మా నాన్న నిలబడేది పెద్ద స్టాండు పక్కన. గోల్ పడింది కాలువ వైపు. రిఫరీకి తన చెయ్యి తనకే కనపడలేదట. మరి మైదానం అవతలి చివర నుంచి మా నాన్న లోమాక్స్ నెత్తిని ఎలా చూశాడు?

ఇక నాకు నిలకడ లేదు. ఆ సాయంత్రమే పబ్బుకి వెళ్ళి పెర్సీని పట్టుకున్నాను. పెర్సీకి తొంభై నిండబోతున్నాయి. ఆ రోజుల్లో కాలువ గట్టు మీద, సరిగ్గా గోల్ వెనకాల నిలబడేవాడు. అతని ముందు ఒక బీరు పెట్టి అడిగాను.

"పెర్సీ, నిజం చెప్పు. ఆ గోల్ ఎవరు కొట్టారు?"

"లోమాక్స్."

"చూశావా?"

"వల ఊగడం చూశాను. బంతి లోపల ఉండటం చూశాను."

"కొట్టినవాడిని చూశావా అంటున్నాను."

పెర్సీ బీరు ఒక గుక్క తాగి మూతి తుడుచుకున్నాడు. "మా గట్టుకీ గోల్‌కీ మధ్య అప్పట్లో చాలా దూరం ఉండేదే. వల కనపడిందే గొప్ప. మేం ఓ అని అరిచాం. అరుపు విని అవతలి గట్టు వాళ్ళు మంచులోంచి, అందరూ కలిసి, ఎవరు కొట్టారూ అని అడిగారు. వేలమంది అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలిగా! ఆ రోజుల్లో గోల్ కొట్టేది ఇంకెవరు? ఎవడో లోమాక్స్ అన్నాడు. మేమందరం లోమాక్స్ అని అరిచాం."

"అంటే మీరెవరూ చూడలేదు."

"చూడకపోతే ఏం, చెప్పాం కదా!"

మా ఊరివాళ్ళ సంగతి ఇదీ. తెలియదు అనడం చేతకాక లోమాక్స్‌కి ఒక గోల్ కట్టబెట్టారు. విన్న ప్రతివాడూ ఇంటికెళ్ళి చూశానని చెప్పాడు, మా నాన్నతో సహా. నాకు ఒళ్ళు మండిపోయింది, నవ్వూ వచ్చింది. లోమాక్స్ పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు మా తరఫున ఆడినవాళ్ళలో మిగిలింది క్లిఫర్డ్ ఒక్కడే.

మర్నాడు అతన్నే నిలదీశాను. పెరట్లో ఉల్లినారు నాటుకుంటున్నాడు.

"అసలేం జరిగిందో చెప్పు. కోతలు కొయ్యకుండా చెప్పు."

"కోసేంత ఏముంది? బంతి నా కాళ్ళ దగ్గరికొచ్చింది. ఎడమ వైపు గీత పట్టుకుని పరిగెత్తాను. గోల్ ఎక్కడుందో అందాజుగా తెలుసు. ఎడమ కాలితో కొట్టాను. వల చప్పుడు వినపడింది. నా దగ్గరికెవరూ రాలేదు. నేనెక్కడున్నానో వాళ్ళకి కనపడితేగా! లోపలికెళ్ళేసరికి అందరూ లోమాక్స్ వీపు తడుతున్నారు."

"అతనేమన్నాడు?"

"ఏమనలేదు. నవ్వాడు. మన వాళ్ళలో నాలాంటి కుర్రాడున్నాడని కూడా ఆయనకి గుర్తుందో లేదో. నా వయసు పందొమ్మిది, ఆయన లోమాక్స్. నేనేమంటాను? స్నానం చేసి బయటికొచ్చేసరికి ఊరంతా తేలిపోయింది."

"ఇంకెవరైనా చూసి ఉంటారా?"

క్లిఫర్డ్ మట్టి చేతులు దులుపుకున్నాడు. "వాళ్ళ గోల్‌కీపర్ చూసి ఉండాలి. అంత దగ్గర ఉన్నది ఆయనొక్కడే."

ఇన్నేళ్ళూ ఈ ముక్క ఎవరికీ తట్టలేదంటే మా ఊరి తెలివి మీద నాకు జాలేసింది. ఆర్డెన్‌షా క్లబ్బులో నాలాంటిదే ఒకావిడ ఉంది, నోట్లో నోరు పెడితే గంటకి తక్కువ వదలదు. ఆమెకి ఫోన్ చేశాను. వాళ్ళ పాత గోల్‌కీపర్ రోలండ్ టెట్లో అనే ఆయన బతికే ఉన్నాడట. వాళ్ళూళ్ళో ఆయన పేరు చెబితే ఇప్పటికీ టోపీ తీస్తారట. సాండ్‌హోమ్‌లో సముద్రం ఒడ్డున ఉంటున్నాడు.

ఆ వారమే క్లిఫర్డ్‌ని వెంటబెట్టుకుని రైలెక్కాను. మళ్ళీ అదే టై. దారిపొడవునా నేను మాట్లాడుతూనే ఉన్నాను, అతను కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూనే ఉన్నాడు. సాండ్‌హోమ్‌లో దిగి, ఒడ్డు వెంబడి నడిచి, ఆ ఇల్లు కనపడగానే ఒక బెంచీ మీద చతికిలబడ్డాడు.

"నువ్వెళ్ళు. నేనిక్కడ కూర్చుంటా."

"ఇదేం చోద్యం! ఇంతదూరం వచ్చి?"

"ఆయన కాదంటే?"

"కాదంటే ఏమవుతుంది? ఊరంతా కాదంటూనే ఉందిగా."

"ఊరు చూడలేదు కాబట్టి కాదంది. ఈయన చూసి కాదంటే ఇక నాకేం మిగలదు." టై ముడి సర్దుకున్నాడు. "నిజం చెప్పనా గ్లెనిస్? ఇన్నేళ్ళు నవ్వించుకున్నాక నాకే అనుమానం పట్టుకుంది. నేను గాలిలో కొట్టానేమో, లోమాక్స్ ఎక్కడినుంచో వచ్చి వేశాడేమో అని."

అతని కోటు గుండీలు పెట్టి నేనొక్కదాన్నే వెళ్ళాను.

టెట్లో కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తుంటి ఎముకలు అరిగిపోయాయట. కూర్చున్నా నా భుజం దాకా వచ్చేంత మనిషి. నేను ఎవరో, ఎందుకొచ్చానో చెప్పగానే గట్టిగా నవ్వాడు.

"ఆ ఆటా! ఆగిపోయిందిగా తల్లీ. మంచులో మా వాళ్ళు సగం మంది దారి తప్పి, మీ వాళ్ళు బట్టలు మార్చుకునే గదిలోకి దూరారు."

"అందులో ఒక గోల్ పడింది."

"పడింది."

"ఎవరు కొట్టారు?"

"తెలియదు."

అక్కడ బెంచీ మీద కూర్చున్న మనిషికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

"లోమాక్స్ మాత్రం కాదు," అన్నాడాయన కప్పు కింద పెడుతూ.

"ఎందుకు కాదు?"

"లోమాక్స్ నాకు బాగా తెలుసు. ఏటా నా మీద కొట్టేవాడు, కొట్టాక ఏటా మా అమ్మని కలిపి ఒక మాట అనేవాడు. నీ ముందు అనకూడని మాట. ఇతను వేరు. నేను బంతి కోసం దూకి బురదలో బోర్లా పడి ఉన్నాను. నోట్లో మట్టి. పైన ఎవడో వచ్చి నిలబడ్డాడు. సన్నటి కుర్రాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి. వంగి ఏమన్నాడో తెలుసా? సారీ అండీ అన్నాడు."

"ఏమన్నాడూ?"

"సారీ అండీ! గోల్ కొట్టి! నా మీద ఎంతమంది కొట్టారో లెక్కే లేదు. క్షమాపణ చెప్పినవాడు వాడొక్కడే. నేను తలెత్తేసరికి మంచులో కలిసిపోయాడు. మా వాళ్ళకి చెబితే దయ్యాన్ని చూశావన్నారు. మా ఆవిడ కూడా నమ్మలేదు. వాడెవడో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది తల్లీ. నీకేమైనా తెలుసా?"

పోసిన టీ తాగకుండా లేచాను. నా జీవితంలో అలా ఎప్పుడూ చెయ్యలేదు. ఈ వయసులో పరుగు అంటే ఏదో పరుగులాంటిది, అది పెట్టి బెంచీ దగ్గరికి వచ్చాను. క్లిఫర్డ్ నా మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమన్నాడు?"

"నువ్వు చెప్పు ముందు. గోల్ కొట్టాక ఏం చేశావు?"

"చెప్పానుగా. వెనక్కొచ్చాను."

"వెనక్కి రాకముందు?"

"ఏం లేదు."

"క్లిఫర్డ్!"

చెవులు ఎర్రబడటం మొదలైంది. ఎనభై దాటిన చెవులు, కొసల దాకా ఎర్రబడ్డాయి. సముద్రం వైపు తిరిగాడు.

"ఎడ్నాకి కూడా చెప్పలేదు ఆ మాట," అన్నాడు. "చెబితే ఊళ్ళో బతకనిస్తారా? ఆయన పడ్డాడు, లేవలేదు. గట్టిగా తగిలిందేమో అని భయమేసింది. దగ్గరికెళ్ళి సారీ అన్నాను. అంతే."

నేను ఆ ముసలాణ్ణి గట్టిగా వాటేసుకున్నాను. దారినపోయేవాళ్ళు చూశారు, చూడనీ. "నీదే! ఆ గోల్ నీదే! పద, నీ కోసం అరవై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాడు!" అని అరిచాను. అతను ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఆ తర్వాత అతని టై పాడైందని ఇద్దరం తిట్టుకున్నాం.

గదిలోకి తీసుకెళ్తే టెట్లో అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వేనా రా కుర్రాడా!" అన్నాడు. "ఇంత ముసలాడివైపోయావేంటి?" ఇంకేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నన్ను చేపలు, చిప్స్ తెమ్మని పంపేశారు. తిరిగొచ్చేసరికి ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా బల్ల మీద పెట్టి ఎవరెక్కడ నిలబడ్డారో వాదించుకుంటున్నారు.

మర్నాడు ఛాతీ విరుచుకుని బ్రామ్‌వెల్ గారి గదికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు, సారీ దగ్గర నవ్వాడు కూడా.

"చాలా బాగుంది గ్లెనిస్ గారూ. గోల్ నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆట నిజం కాదు కదా!"

"అదెలా? గోల్ ఉండి ఆట లేకపోవడమేంటి? పిల్లాడున్నాడు, పురుడే జరగలేదన్నట్టుంది మీ వరస!"

"రూలు రూలే. కావాలంటే స్టాండులో అతిథిగా కూర్చోబెడతాను."

నేనన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. ఆ రోజు నుంచీ ఆయన టీలో చక్కెర వెయ్యడం మానేశాను. అతిథి కుర్చీ సంగతి చెబితే క్లిఫర్డ్ మొహం ఇంతైంది.

"అతిథినా? నా సొంత మైదానంలోనా? ఆ రోజు ఇంట్లోనే ఉంటాను. ఉల్లినారుకి నీళ్ళు పెట్టుకుంటాను."

అలక మీద తలుపేసుకున్నాడు. ఇంతలో బ్రామ్‌వెల్ గారు తన తెలివి ఉపయోగించి టెట్లో గారిని ఆర్డెన్‌షా తరఫున గౌరవ అతిథిగా పిలిచాడు. పేపర్లో ఫోటో బాగా వస్తుందని. టెట్లో సరేనన్నాడట, కుర్చీ తొయ్యడానికి మనిషిని తనే తెచ్చుకుంటానన్నాడట. ఆ సాయంత్రం క్లిఫర్డ్‌కి ఫోన్ చేశాడు. నేను అక్కడే ఉన్నాను, ఉండకుండా ఎలా ఉంటాను?

"బండి తోసేవాడిగా రమ్మంటున్నారా?" అన్నాడు క్లిఫర్డ్ ఫోన్‌లో. "నాకూ కొంచెం సిగ్గుంది."

టెట్లో గొంతు నాకు కూడా వినపడింది. "నీ కోసం కాదురా. నా కోసం. ఆ గోల్ దగ్గరికి ఇంకొక్కసారి వెళ్ళాలనుంది. కాళ్ళు సాగవు. వేరేవాడు తోస్తే నాకిష్టం ఉండదు."

క్లిఫర్డ్ గోడ మీది కేలండర్ వైపు తిరిగాడు. "ఎన్నింటికి రావాలి?" అని మాత్రం అడిగాడు.

ఆఖరి ఆట రోజు ఎండ బాగా కాసింది. కిల్న్ లేన్ నిండిపోయింది, బయట గోడల మీద కూడా జనం. బ్రామ్‌వెల్ గారు మైకు పట్టుకుని పాత ఆటగాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివారు. కర్రలతో కొందరు, మనవల చేతులు పట్టుకుని కొందరు నడిచొచ్చారు. ప్రతి పేరుకీ చప్పట్లు. నేను టీ కొట్టు వదిలేసి కంచె దగ్గరికి వచ్చేశాను. నీళ్ళు మరిగి ఆవిరైపోతే పోనీ.

అందరికంటే చివర్లో టెట్లో పేరు చదివారు. చక్రాల కుర్చీలో ఆయన, వెనక టై కట్టుకుని క్లిఫర్డ్. తోసేవాడి పేరు ఎవరు చదువుతారు? జనం టెట్లో కోసం మర్యాదగా చప్పట్లు కొట్టారు. క్లిఫర్డ్ తల దించుకుని గడ్డి మీద చక్రాలు కూరుకుపోకుండా చూసుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంతదూరం తీసుకొచ్చి అతన్ని కూలివాణ్ణి చేశాననిపించింది.

కాలువ వైపు గోల్ ముందుకు రాగానే టెట్లో చెయ్యెత్తి ఆపమన్నాడు. బ్రామ్‌వెల్ గారు మైకుతో దగ్గరికొచ్చాడు, ఫోటోలవాళ్ళు వెనకాల.

"రోలండ్ గారూ, ఈ మైదానంలో మీకు బాగా గుర్తున్నదేమిటి?"

టెట్లో ఆ మైకు లాక్కున్నాడు. "ఇదిగో, ఇక్కడ నా మీద పడిన గోల్," అన్నాడు. గొంతు మైదానమంతా మోగింది. "పొగమంచు రోజున. మీరందరూ లోమాక్స్ కొట్టాడనుకుంటున్నారు. కొట్టింది నా వెనకాల నిలబడ్డ ఈ కుర్రాడు."

వేలమంది తలలు ఒక్కసారి క్లిఫర్డ్ వైపు తిరిగాయి. బ్రామ్‌వెల్ గారు నవ్వు మొహంతోనే వంగి మైకులో అన్నాడు. "కానీ ఆ ఆట ఆగిపోయింది కదండీ. లెక్కలోకి రాదు."

టెట్లో కుడి చెయ్యి పైకెత్తాడు. చిటికెన వేలు పక్కకి, ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. ఈ సంగతి నాకు కూడా చెప్పలేదు ముసలాడు. క్లిఫర్డ్‌కి కూడా చెప్పలేదని అతని మొహం చూస్తేనే తెలిసింది.

"ఆ బంతి ఆపబోతే ఇది విరిగింది," అన్నాడు టెట్లో. "మళ్ళీ సరిగ్గా అతకలేదు. నా లెక్కలో ఆ ఆట ప్రతి రోజూ ఉంది. మీ లెక్కలో లేదంటే, ఇదిగో, దీన్ని తిన్నగా చేసిచ్చెయ్యండి."

ముందు నవ్వు లేచింది. తర్వాత అది నవ్వు కాకుండా పోయింది. కాలువ గట్టు మీద, నా వెనకాలే, ఎవడో పాట అందుకున్నాడు. మా వాళ్ళు నచ్చిన ఆటగాణ్ణి పిలిచే పాటే అది. "క్లిఫర్డ్! క్లిఫర్డ్! చెయ్యి ఊపు!" పక్కవాడు కలిశాడు. గట్టంతా కలిసింది. పెద్ద స్టాండు కలిసింది. ఇన్నేళ్ళు పబ్బులో ఏడిపించిన గొంతులే అవి. నేను గుర్తుపట్టాను. ఆర్డెన్‌షా నుంచి వచ్చినవాళ్ళు కూడా పాడుతున్నారు. "క్లిఫర్డ్! క్లిఫర్డ్! చెయ్యి ఊపు!"

అతను రెండు చేతులతో కుర్చీ పిడులు పట్టుకుని కొయ్యబారిపోయాడు.

"చెయ్యి ఊపవయ్యా మహానుభావా!" అని కంచె మీద నుంచి అరిచాను.

"వదిలితే ఈయన దొర్లుకుంటూ కాలువలోకి పోతాడే!" అన్నాడు. అబద్ధం కాదు, మా మైదానం అటువైపు వాలు.

"బ్రేకు వేశానురా," అన్నాడు టెట్లో. "వదులు."

ఒక చెయ్యి వదిలాడు. కుర్చీ కదల్లేదు. రెండోదీ వదిలాడు. బ్రామ్‌వెల్ గారు అతన్నే చూస్తూ నిలబడ్డారు. ఆయన మొహంలో ఆ కోటు వేసుకుని పుట్టిన మనిషి లేడు. టెట్లో చేతిలోంచి మైకు తీసుకున్నారు.

"స్కెల్బరీ టౌన్," అన్నారు. గొంతు సవరించుకున్నారు. "ఎడమ వింగ్. క్లిఫర్డ్ షాక్రాస్."

క్లిఫర్డ్ రెండు చేతులూ పైకెత్తాడు. ఆట మొదలుపెట్టాలి తప్పుకోండని రిఫరీ వచ్చి భుజం తట్టేదాకా దించలేదు.